ఆరో పళ్ళెం

మొదట ఖమర్ సుల్తానా దాన్ని పోల్చుకోలేదు. హైమవతి తన ముందు పెట్టిన పళ్ళెం గులాబీ రంగు గాజుదే, అంచు చుట్టూ సన్నని తీగ, నడుమ విచ్చుకున్న ఒక పువ్వు, అన్నీ అవే, అయినా ఇది తనది కాదు, తన పళ్ళెం కింద అరచెయ్యి పెడితే చేతి గీతలు కనిపించేవి, దీనికేమో పొగ పట్టినట్టు తెల్లని మసక కమ్మి ఉంది. చల్లటి గాజుకు చెమ్మ పట్టిందేమో అనుకుని ఎవరూ చూడకుండా బొటనవేలితో రుద్దింది, పోలేదు, మళ్ళీ రుద్దింది, అది తుడిస్తే పోయే మసక కాదు. ఇలాంటివి అమెరికాలో లక్షల్లో చేశారట, దోహాలో ఇంకొకరి ఇంట్లో ఇలాంటివే ఉండకూడదా ఏం, ఉండొచ్చు, తనవి పోయాయి, పగిలిపోయాయి, అది అయిపోయిన మాట. పక్క కుర్చీలో భర్త రఫీయుద్దీన్ సుధాకరరావు గారి ఏదో మాటకు నవ్వుతున్నాడు. ఆఫీసు నవ్వు అది, ఇంట్లో ఎప్పుడూ వినిపించదు. శుక్రవారం నమాజు ముగించుకుని నేరుగా ఇక్కడికే వచ్చారు, వెస్ట్ బేలో కంపెనీ జనరల్ మేనేజర్ సుధాకరరావు గారి విల్లాకు. మొన్నమొన్ననే రఫీయుద్దీన్ అడ్మిన్ మేనేజర్ అయ్యాడు, ఆ సంతోషానికి ఈ భోజనం, ఇన్నేళ్ళలో ఈ ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు. కిటికీ అవతల సగం లేచిన టవర్లు, వాటి నెత్తిన క్రేన్లు, సెలవు రోజు కాబట్టి కదలకుండా నిలబడి ఉన్నాయి.

"పులిహోర వేసుకోండి ఖమర్ గారూ, మొహమాటపడకండి," అంటూ సుధాకరరావు గారి భార్య హైమవతి తనే గరిటెతో వడ్డించింది. పసుపుపచ్చని అన్నం పడి నడిమి పువ్వును కప్పేసింది.

ఈ రంగు మీద తెల్లన్నమే బాగుంటుంది, తెల్లన్నం, పక్కన కాస్త ఖట్టీ దాల్, అంతే. తను అలాగే తినేది. రఫీయుద్దీన్ ఆఫీసుకూ కూతురు స్కూలుకూ వెళ్ళాక, ఆ తర్వాత కూతురు పెళ్ళి చేసుకుని నిజామాబాద్ వెళ్ళిపోయాక కూడా, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కతే కూర్చుని అల్మారాలోంచి గులాబీ పళ్ళెం ఒకటి తీసి, అన్నం పెట్టుకుని, ఒక్కో ముద్దకూ కింద నుంచి పువ్వు కొంచెం కొంచెంగా బయటపడుతుంటే చూస్తూ తినేది. ఎవరికీ చెప్పలేదు ఆ సంగతి, చెబితే నవ్వుతారని. అత్తగారింట్లో పింగాణీ సామానంతా మగవాళ్ళు కింద పరుచుకుని తినే దస్తర్‌ఖాన్ మీదికే పోయేది, వాళ్ళు తిని లేచాక ఆడవాళ్ళు వంటింట్లో కూర్చుని తామ్‌చీనీ పళ్ళేల్లో తినేవారు, పైపూత పెచ్చులూడి లోపలి ఇనుము నల్లగా కనిపించే పళ్ళేలు, ఎంత తోమినా అక్కడ తుప్పు వాసన. "ఆడోళ్ళ చేతుల నాజూకు సామాను నిలవదు" అనేది అత్త షమ్సున్నీసా, తాళంచెవులు కొంగుకు ముడేసుకుంటూ. నిలిచింది. ఈ చేతుల్లో ఒక్కటంటే ఒక్కటి పగల్లేదు. ఎడారి గాలికి కప్పులకు ఇసుక పట్టినా, పిల్లి అల్మారా ఎక్కిన రోజున కూడా, ఒక్కటి పగల్లేదు.

సుధాకరరావు గారు రాస్ లఫాన్‌లో కొత్తగా వస్తున్న గ్యాస్ ప్లాంటు గురించి చెబుతున్నారు, ఇంకా ఎన్ని వేలమందిని తేవాలో, క్యాంపులు ఎక్కడ కట్టాలో. రాస్ లఫాన్ అనగానే ఆమెకు డోనా ముఖం కళ్ళ ముందుకొచ్చింది. తెల్లటి పొట్టి జుట్టు, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు. డోనా మొగుడు అక్కడే ఇంజినీరు, అల్ ఖోర్‌లో కంపెనీ కాలనీలో ఉండేవారు. దేశానికి తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు, అక్కర్లేని సామాను వదిలించుకునేవాళ్ళు ఇంటి ముందు బల్లలు వేసి సామాన్లు అమ్ముకుంటారు, అలాంటి ఒక ఉదయం కూతురికి సైకిలు కోసమని వెళ్ళి, బల్ల చివర ఎండలో పెట్టిన ఆకుపచ్చ చక్కెర గిన్నె దగ్గర ఆగిపోయింది. మూత లేదు దానికి. ఎండ అందులోంచి దూసుకుపోయి తెల్లటి గుడ్డ మీద చెరువు నీళ్ళలా కదులుతోంది. ఏమిటిది అని అడిగితే "డిప్రెషన్ గ్లాస్" అంది డోనా. ఖమర్‌కు ఆ మాట డాక్టరు దగ్గర విన్నదే, మనసు బాగాలేని వాళ్ళకు వచ్చే జబ్బు, ఆ జబ్బున్న వాళ్ళకు ఇచ్చే గిన్నె కాబోలు అనుకుంది, వచ్చిన కాస్త ఇంగ్లీషులో అదే అడిగింది కూడా. డోనా బల్ల పట్టుకుని మరీ నవ్వింది, తర్వాత కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి చెప్పింది. వాళ్ళ అమ్మమ్మ కాలంలో అమెరికాలో పనుల్లేవట, బ్యాంకులు మూతబడ్డాయట, అన్నం కోసం వరసలు కట్టేవారట, ఆ గడ్డు కాలం పేరే డిప్రెషన్ అట. అప్పుడు మిషన్లలో అచ్చుపోసి కుప్పలు తెప్పలుగా చేసిన గాజు ఇది. ఓట్స్ డబ్బాలో ఒక గిన్నె ఊరికే వచ్చేది, సినిమాకు పోతే ఒక సాసరు, పెట్రోలు పోయించుకుంటే ఒక కప్పు. చేతిపని కాదు, ఖరీదు లేదు, చూస్తే పక్కన అచ్చు అతుకు గీత కనిపిస్తుంది, గాజులో అక్కడక్కడా బుడగలు. "పేదవాళ్ళ సామాను," అంది డోనా, "కానీ మా అమ్మమ్మ దీన్ని కిటికీలో పెట్టుకునేది." ఆ ఒక్క మాటకే ఖమర్ ఆ గిన్నె కొనుక్కుంది. సైకిలు సంగతి ఇంటికొచ్చాక గానీ గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు, ఎన్ని కాలనీలు. కొందరు వస్తుంటే కొందరు పోతున్నారు, గ్యాస్ వచ్చినప్పటి నుంచీ దోహాలో ఎవరూ నిలకడగా ఉండరు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ముసలమ్మ ఇచ్చిన గాజు ఏదో ఒక డబ్బా అడుగున ఉంటుంది, దాన్ని మళ్ళీ సముద్రం దాటించే ఓపిక వాళ్ళ కోడళ్ళకు ఉండదు. రఫీయుద్దీన్ కారులో కూర్చుని ఏసీ వేసుకుని హారన్ కొట్టేవాడు. "వాళ్ళు పారేసేటివి నువ్వు ఏరుకొస్తవు" అనేవాడు. నిజమే, ఏరుకొచ్చింది. కాషాయం రంగు జాడీ, నాట్యమాడే పిల్ల బొమ్మ ఉన్న పచ్చ గ్లాసులు, చిలకలున్న గిన్నె, చివరికి డోనా వెళ్ళిపోతూ తన చేతుల్లో పెట్టిన గులాబీ పళ్ళేలు ఆరు. "వేడి నీళ్ళు తగలనీకు. గిన్నెలు కడిగే మిషన్లో అసలు వెయ్యకు, గాజుకు జబ్బు చేస్తుంది, ఆ జబ్బుకు మందు లేదు" అని మరీ మరీ చెప్పి వెళ్ళింది. గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ. ఒక్కొక్కటే. పసిపిల్లకు స్నానం చేయించినట్టు.

జబ్బు చేసిన గాజు.

ఖమర్ పులిహోర మెతుకులు పక్కకు జరిపింది. తనదే అయితే పువ్వు రెక్క పక్కన ఒక బుడగ ఉండాలి, ఆవగింజంత. ఉండకూడదు, అల్లా, ఉండకూడదు. మెతుకుల కింద పసుపు మరక, మరక కింద మసక, మసక లోపల బుడగ. ఉంటే మాత్రం ఏం, లక్ష పళ్ళేల్లో ఇంకొక దాంట్లో అదే చోట బుడగ రాకూడదా. ఆమె తలెత్తింది. హైమవతి పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన చేపల పులుసు పట్టుకొచ్చింది, పైన నూనె ఇంకా కుతకుతలాడుతోంది, బల్ల మీద చిలకలున్న పచ్చ గిన్నె, అందులోకి పులుసు వంపబోతోంది.

"వేడిది పొయ్యకండి మేడమ్! పగుల్తది!"

తన గొంతే అది. ఇంత పెద్దగా ఎప్పుడు అరిచిందో తనకే గుర్తు లేదు. హైమవతి ఉలిక్కిపడి ఆగిపోయి, తర్వాత నవ్వేసింది. "అయ్యో, నిజమే సుమండీ, నాకు తట్టనేలేదు. మీ సామాను సంగతి మీకే కదా తెలుస్తుంది! అసలు ఈ వేళ మిమ్మల్ని పిలిచింది ఇందుకేనండీ, మీవే పెట్టి మీకే వడ్డించి థాంక్స్ చెబుదామని. రఫీ గారు డబ్బాలతో తెచ్చి ఇచ్చినప్పుడు నేనైతే నమ్మలేకపోయాను. మీరింత మోజుపడి కూడబెట్టినవి నాకిచ్చేశారంటే!"

మీవే. ఇచ్చేశారంటే. మాటలు ఒక్కొక్కటిగా వచ్చి బల్ల మీద కూర్చున్నాయి. రఫీయుద్దీన్ గ్లాసెత్తి నీళ్ళు తాగుతున్నాడు, ఆగకుండా, గొంతులో కంఠమణి కిందికీ పైకీ. పోయిన ఈద్‌కు వీళ్ళు ఇంటికొచ్చినప్పుడు, షీర్ ఖుర్మా తిని లేచాక హైమవతి అల్మారా ముందు నిలబడిపోయింది, పళ్ళెం తీసి వెలుతురుకు పెట్టి చూసింది, "ఎంత బాగున్నాయో" అంది. రఫీయుద్దీన్ వెంటనే "నచ్చితే తీస్కపోండి మేడమ్" అన్నాడు. తను ఏమీ అనలేదు, పళ్ళెం మెల్లగా అందుకుని లోపల పెట్టి అల్మారా తలుపు వేసింది. వాళ్ళు వెళ్ళాక రోజంతా అతను మాట్లాడలేదు. తను ఆ మౌనాన్ని మామూలు అలకే అనుకుంది. వేసవిలో కూతురి కాన్పుకు నిజామాబాద్ వెళ్ళింది. ఆ రోజుల్లోనే వాళ్ళుండే పాత ఇల్లు కూలగొట్టి టవరు కడతానని యజమాని ఖాళీ చేయించాడు, అప్పుడు దోహాలో సగం ఇళ్ళ కథ అదే, రఫీయుద్దీన్ ఒక్కడే కంపెనీ మనుషుల్ని పెట్టుకుని సామానంతా అల్ సద్‌లో ఇప్పుడుండే ఫ్లాటుకు మార్చాడు. తను తిరిగొచ్చేసరికి అల్మారా ఖాళీ. మెట్ల మీద డబ్బాలు జారిపోయాయని చెప్పాడు. అన్నీ పగిలిపోయాయి, నువ్వు చూస్తే తట్టుకోలేవని ఎత్తి పారేశా అన్నాడు. రుమాలు విప్పి గుప్పెడు గులాబీ పెంకులు చూపించాడు. తను నేల మీద కూర్చుండిపోతే పక్కన కూర్చుని అతనూ ఏడ్చాడు, నిజంగా ఏడ్చాడు, ముక్కు ఎర్రబడేదాకా. ఆ ఏడుపు చూడలేక తనే కన్నీళ్ళు తుడుచుకుంది. తనే అతన్ని ఊరుకోబెట్టింది. పోనీయండి, గాజే కదా, మీకేం దెబ్బ తగల్లేదు కదా అంది. చాయ్ పెట్టి ఇచ్చింది. ఆ మోసిన వాళ్ళ చేతులు విరగ అని లోలోపల తిట్టుకుంది కూడా, ఏ ఊరి వాళ్ళో, ఏ తల్లి కన్న బిడ్డలో, పాపం వాళ్ళ చేతుల్లోంచి ఏ డబ్బా జారలేదు.

"రోజూ వీటిల్లోనే తింటున్నామండీ," అంటోంది హైమవతి. "పనమ్మాయి చేత్తో తోమితే జారిపోతాయని భయం, అందుకే డిష్‌వాషర్‌లోనే వేయిస్తున్నా. కాస్త తెల్లబడ్డట్టున్నాయి, పాతవి కదా. పళ్ళేలు ఐదే ఉన్నాయి, ఆరోది ఉండుంటే సెట్టు పూర్తయ్యేది. అది పగిలిందటగా?"

బల్ల కింద రఫీయుద్దీన్ పాదం వచ్చి ఆమె పాదం మీద వాలింది. మొదట మెత్తగా. తర్వాత గట్టిగా. ఆరోది. ఐదు ఇక్కడ ఉన్నాయి, మెట్ల మీద ఏదీ జారలేదు, మరి రుమాలులో పెంకులు ఎక్కడివి. ఆ ఆలోచన ఆమెకు ఒక్కసారిగా రాలేదు, గడప దగ్గర నిలబడి లోపలికి రానా వద్దా అన్నట్టు కాసేపు ఆగింది. సుధాకరరావు గారు పులుసు కలుపుకుంటున్నారు. హైమవతి జవాబు కోసం ఆమె వైపే చూస్తోంది, మంచి ముఖం, చెడ్డ మనిషి కాదు, నుదుట కుంకుమ చెమటకు కాస్త చెదిరింది. పాదం మీద బరువు ఇంకా పెరిగింది. ఊ అంటే చాలు. నవ్వి ఊ అంటే ఈ భోజనం ముగుస్తుంది, ఇంటికి పోతారు, రేపు ఉదయం అతను మేనేజరుగా ఆఫీసుకు వెళ్తాడు. పాతికేళ్ళు ఊ అంది. ఎంత తేలిక మాట అది, పెదవులు కూడా విప్పనక్కర్లేదు.

"నాకు తెల్వదు మేడమ్," అంది ఖమర్ సుల్తానా. "నేను ఇయ్యలే. నేను ఊర్లున్నప్పుడు అన్ని పగిలిపోయినయని చెప్పిన్రు నాకు. ఇవి మీ ఇంట్ల ఉన్నట్టు ఇప్పుడే చూస్తున్న."

సుధాకరరావు గారి చెయ్యి ఆగింది. వంటింట్లో పంపు నీళ్ళ చప్పుడు వినిపించింది. రఫీయుద్దీన్ పాదం తీసేశాడు.

"మజాక్ చేస్తది సార్," అన్నాడు, నవ్వుతూ. "మా ఇంట్ల ఎప్పటికీ గిట్లనే. ముఖం సూడున్రి, జర కూడా నవ్వదు."

సుధాకరరావు గారు భార్య వైపు చూశారు, రఫీయుద్దీన్ వైపు చూశారు, తర్వాత పళ్ళెం వైపు చూసుకుని, ఒక నిర్ణయానికి వచ్చినట్టు గట్టిగా నవ్వారు. "భలేవారండీ! నేను నిజమే అనుకున్నాను. మీ ఆవిడకి ఇంత హాస్యం ఉందని ఎప్పుడూ చెప్పలేదేమయ్యా రఫీ?" హైమవతి మాత్రం వెంటనే నవ్వలేదు. ఖమర్ కళ్ళలోకి చూసింది. ఆ చూపులో అంతా ఉంది, అర్థమైంది, ఆమెకు పూర్తిగా అర్థమైంది, ఆడదానికి అర్థం కాకుండా ఉండదు. ఇంకొక్క క్షణం, ఒక మాట వస్తుందేమో అని ఖమర్ ఎదురుచూసింది. హైమవతి కళ్ళు దించుకుని పెదవి కొరుక్కుంది. ఆపైన ఆమె కూడా నవ్వింది.

నిజం చెబితే ఏదో జరుగుతుందనుకుంది. కప్పు ఎగిరిపోతుందనో, అతను తలవంచుకుంటాడనో. ఏమీ జరగలేదు. నిజం బల్ల మీద పడింది, అందరూ కలిసి దాన్ని నంజుకుని తినేశారు. భోజనం ముగిసేలోపు సుధాకరరావు గారు ఆ హాస్యాన్ని ఇంకో రెండుసార్లు తలుచుకుని నవ్వారు, పై వారం వచ్చే అతిథులకు కూడా చెబుతారట. ఆమె పళ్ళెంలోది అంతా తినేసింది. అన్నం వదిలేయడం ఆమెకు చేతకాదు. చివరి ముద్దతో పువ్వు మొత్తం బయటపడింది, మసకలోంచి, ఒకప్పుడు తెలిసిన మనిషి ముఖంలా. దాన్ని ఇంటికి తీసుకుపోవాలని మాత్రం అనిపించలేదు. ఇస్తామన్నా వద్దనేది. ఎవరూ ఇస్తామనలేదు. గుమ్మం దగ్గర హైమవతి ఆమె రెండు చేతులూ పట్టుకుని, ముఖం వైపు చూడకుండా, "మళ్ళీ రండి," అంది.

రఫీయుద్దీన్ కారును ఒడ్డు వెంట పోయే కార్నిష్ రోడ్డు మీదికి ఎక్కించాడు. "క్యా తమాషా హై యే?" అన్నాడు అప్పుడు. "సార్ ముందర నా ఇజ్జత్ తీస్తవా? ఆయన మంచోడు కాబట్టి నవ్విండు."

ఎడమ పక్కన సముద్రం, ఎండకు కళ్ళు విప్పలేనంత తెల్లగా.

"ఆరోది మీరే పగలగొట్టిన్రా?" అని అడిగింది.

అతను అబద్ధం వెతుక్కుంటాడనుకుంది. వెతుక్కోలేదు. బహుశా ఇక అవసరం లేదనుకున్నాడేమో. "ఒక్కటే గదా ఖమర్. ముక్కలు చూడకుంటే నువ్వు నమ్ముతుంటివా? తువ్వాలల చుట్టి, పెంకులు కళ్ళల్ల పడొద్దని, సుత్తెతోని ఒక్కటే దెబ్బ."

తువ్వాల. ఏ తువ్వాలో. ఆరింటిలో ఏది తియ్యాలో ఎలా ఎంచుకున్నాడో, చేతికందినదేనా, వాళ్ళకు మంచివి పోవాలని ఏరి మరీ అచ్చు వంకరపోయినది తీశాడా. "మరి ఏడ్చిన్రు గదా," అంది.

"నిన్ను చూసి ఏడుపొచ్చింది," అన్నాడు అతను. గొంతు నిజంగానే మెత్తబడింది. "అది అబద్ధం కాదు. అల్లా కసమ్. నువ్వట్ల కింద కూసుంటే నాకు పానం ఆగలే."

ఆమె నమ్మింది. అదే భరించలేకపోయింది. ఏడుపు కూడా దొంగదైతే ఎంత బాగుండేది, దొంగను ఒక పక్కకు నెట్టేసి మిగిలిన మనిషితో బతకొచ్చు. కానీ సుత్తె పట్టుకున్నదీ ఈ మనిషే, ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చిందీ ఈ మనిషే, రెండూ ఒకే రోజు, ఒకే చేతుల్తో. అతను చెబుతూనే ఉన్నాడు, ఇప్పుడు పెద్ద ఫ్లాటు వస్తుంది, కారు మారుస్తారు, ఆ గాజు ఇంటర్నెట్‌లో ఎంతైనా దొరుకుతుందట, ఇంతకంటే మంచివి తెప్పిస్తా, యల్లా, ఇక కోపం చాలించు, మేడమ్‌కు నువ్వు చాలా నచ్చినవు. ఆమె సంచిలోంచి ఫోను తీసింది. నంబరు నొక్కింది. నిజామాబాద్‌లో తమ్ముడు గౌస్ మొహియుద్దీన్ కుట్టు దుకాణంలో ఉన్నట్టున్నాడు, వెనక మిషన్ల చప్పుడు.

"సలాం ఆపా! ఖైరియత్? దుబాయ్‌ల ఎండలు తగ్గినయా?" వాడికి ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

"తగ్గినయి. గౌస్, మీ ఇంటి మీద గది ఖాళీగనే ఉందా?"

పక్కన రఫీయుద్దీన్ మాట ఆగిపోయింది. ముందు సిగ్నల్ ఎర్రగా వెలిగితే కారు ఆపాడు, ఆపి ఆమె వైపు తిరిగాడు.

"ఖాళీగనే ఉంది. కిరాయికి అడుగుతున్నరు, ఇంకా మాట ఇయ్యలే. ఏం, ఎవరికన్న కావాల్నా?"

"ఎవరికీ ఇయ్యకు," అంది ఖమర్ సుల్తానా. "నాకు కావాలె. సెలవుకు గాదు."

మిషన్ల చప్పుడు ఆగింది. తమ్ముడు ఏదో అడుగుతున్నాడు, ఆపా, ఆపా అంటున్నాడు. సిగ్నల్ పచ్చబడింది. వెనక కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి. రఫీయుద్దీన్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, కారు కదల్చలేదు.